ఏరియేటర్లు ఎక్కువ తిప్పితే రొయ్య ఎక్కువ చనిపోతుందంటోంది నా మోడల్. ఎక్కడ తేడా?

ప్రశ్న (ఉండి):
నమస్కారమండి. నాన్నగారివీ, బాబాయిలవీ వనామి రొయ్యల చెరువుల రికార్డులన్నీ, అంటే మేత, సీడ్ (రొయ్య పిల్లల) సాంద్రత, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగిన గంటలు, డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), మోర్టాలిటీ (చావులు), కంప్యూటర్లోకి ఎక్కించి ఏఐ మోడల్ ఒకటి తయారుచేశాను. రేపు ఏ చెరువుకు ముప్పుందో బాగానే చెబుతోంది. కానీ ఏరియేటర్ గంటలు పెరిగేకొద్దీ చావులూ పెరుగుతాయంటోంది! నాన్నగారు ఒకటే నవ్వు. ఇంకా డేటా పెడితే సర్దుకుంటుందాండి?

జవాబు (భీమవరం):
ఆయ్, సర్దుకోదండి. ఎంత డేటా పోసినా అదే మాట ఇంకా గట్టిగా అంటుంది. అసలు ఏరియేటర్లు అదనంగా ఎప్పుడు వేస్తాం? తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలినప్పుడు. కష్టంలో ఉన్న చెరువుకే ఎక్కువ గంటలు పడతాయి. గంటలు పెరగడానికీ, చావులకీ కారణం ఆక్సిజన్ తగ్గడమే. గంటలు చూసి ముప్పు పసిగట్టడం వరకూ మీ మోడల్ కరెక్టే, అలారంగా వాడుకోండి. 'నేను స్విచ్ వేస్తే ఏమవుతుంది' అన్నది వేరే ప్రశ్న. కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు 2011కి అందుకున్న శాస్త్రవేత్త జుడియా పెర్ల్, ఊరికే చూడడానికీ మనం చేయడానికీ ఉన్న ఈ తేడా చూపడానికే 'డూ' (చేయి) అని ప్రత్యేకంగా ఒక గుర్తు పెట్టాడు.

ఇలాంటిదే ఇంకోటి: అమెరికాలో న్యుమోనియా రోగుల డేటా మీద తయారైన మోడల్ ఒకటి, ఆస్తమా ఉన్నవాళ్లకు చావు ముప్పు తక్కువని నేర్చుకుంది. వాళ్లను నేరుగా ఐసీయూలో పెట్టి చూసుకునేవారు మరి!

స్విచ్ వేయకముందు డీవో, సాంద్రత, రొయ్య వయసు దాదాపు ఒకేలా ఉన్న చెరువుల్ని పోల్చండి. స్విచ్ వేశాక తీసిన డీవోని మాత్రం లెక్కలో కలపొద్దు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఏరియేటర్ మేలు చేసేది ముఖ్యంగా ఆ డీవో పెంచే కదా, అదీ సమానం చేసేస్తే మేలే కనబడదు.

జవాబు (ఆకివీడు):
కరెంటు కోతలు వాడుకోండి తమ్ముడూ. కోత రైతు చేతిలో ఉండదు. జనరేటర్ లేని చెరువులు తీసుకుని, కోత ఉన్న రాత్రులూ లేని రాత్రులూ చూస్తే సరి.

జవాబు (భీమవరం):
ఐడియా బాగుందండి, ఒక్క చిక్కు. కోతలు ఎక్కువగా గాలివాన రోజునే కదా? మబ్బు పడితే ప్లాంక్టన్ (నీటిలోని సన్నటి నాచు) పగలు ఎండలో చేసే ఆక్సిజనే తగ్గిపోతుంది. అందుకని ఒకే రాత్రి, వేర్వేరు ఫీడర్ల (కరెంటు లైన్ల) కింద ఉన్న చెరువుల్ని, ఒకదానికి కోత ఉండి ఇంకోదానికి లేనప్పుడు, పోల్చాలి.

ప్రశ్న (ఉండి):
మావి రెండు ఫీడర్ల మీద ఉన్నాయండి, చూస్తాను. పోనీ చీటీలు వేసి కొన్ని చెరువులకు ఆపేస్తే?

జవాబు (భీమవరం):
ఆపొద్దు, నాన్నగారు కర్ర తీస్తారు! మామూలుగా తిప్పే గంటలు అన్నిటికీ ఉంచి, ఏ చెరువుకు రాత్రి ఒక గంట ముందు మొదలుపెట్టాలో చీటీ తీయండి. డీవో లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగితే చీటీ సంగతి వదిలేసి అన్నీ వేసేయండి. లెక్క కట్టేటప్పుడు మాత్రం ఆ చెరువుని చీటీలో పడ్డ గుంపులోనే ఉంచండి. తీసేశారో, మళ్లీ మొదటి చిక్కే.