కుంకుడు రసం రెండో రోజుకే పులిసిపోతోంది, ఏం చేయాలి?

మాది హైదరాబాద్. నెలకోసారి పిల్లలతో అనంతగిరి కొండల వైపు వెళ్లి రెండు రాత్రులు టెంట్‌లో ఉంటాం. గిన్నెలకీ తలస్నానానికీ ఇంట్లో చేసిన కుంకుడు రసమే తీసుకెళ్తాం. సబ్బు నీళ్లు అక్కడి మట్టిలో పారబోయడం నాకు ఇష్టం లేదు.

గింజలు తీసిన 25 కాయల్ని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, 20 నిమిషాలు మరిగించి వడకడతాను. ఫ్రిజ్‌లో వారం బాగానే ఉంటుంది. కారులో మాత్రం 36 గంటలకే సీసా ఉబ్బిపోయి, మూత తీస్తే పుల్లటి వాసన. నురగ కూడా సగమే. నిమ్మరసం పిండాను, రెండు చెంచాల ఉప్పు వేశాను, సీసాని మరిగే నీళ్లతో కడిగాను. తేడా లేదు. పొడి తీసుకెళ్తే పాప కళ్లలో పడి ఒకటే ఏడుపు, ఇక అది వద్దనుకున్నాం.

ఫ్రిజ్ లేకుండా ఈ రసం 3 రోజులు నిలవాలంటే ఏం కలపాలి, లీటరుకి ఎంత?