పరీక్షకి ముందు గ్రాఫింగ్ కాలిక్యులేటర్ మెమరీ చెరిపించడం కరెక్టేనా?

గ్రాఫ్‌గీత:
అందరికీ నమస్తే. నేను కాలిక్యులస్ చెప్తాను. మొన్న పరీక్షకి ముందు పిల్లల టీఐ-84 ప్లస్‌లన్నీ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ గ్రాఫింగ్ కాలిక్యులేటర్లు) తీసుకుని ఒక్కొక్కటీ నేనే రీసెట్ చేశాను, సెకండ్ నొక్కి ప్లస్ మీదున్న మెమ్, అందులో 7 రీసెట్, తర్వాత 1, తర్వాత 2, ర్యామ్ క్లియర్డ్ (ప్రోగ్రాములు నడిచే మెమరీ ఖాళీ అయింది) అని పడగానే అది పక్కన పెట్టి ఇంకోటి. ఒకమ్మాయి ఇచ్చేటప్పుడే "మేడమ్, ఇందులో నా ప్రోగ్రాములున్నాయి" అంది. రూల్ అందరికీ ఒకటేనమ్మా అని నొక్కేశాను. న్యూటన్-రాఫ్సన్‌తో మూలాలు కనుక్కునేది ఒకటి, సింప్సన్ సూత్రంతో ఇంటిగ్రల్ లెక్కకట్టేది ఒకటి, నాలుగు నెలలు ఆ చిన్న కీల మీద ఒక్కో అక్షరం కొట్టుకుంటూ తనే రాసుకుందట. కాపీ ఎక్కడా లేదు.

పరీక్షయ్యాక ఇంకో అబ్బాయి తనంతట తనే వచ్చి, నా నోట్సు ఆర్కైవ్‌లో (ర్యామ్ కాకుండా విడిగా దాచుకునే మెమరీలో) ఉంది మేడమ్, మీరు రీసెట్ చేసినా అలాగే ఉంది, నేను వాడలేదు కానీ మీకు తెలియాలి కదా అని చెప్పాడు. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. ఆ మోడల్లో మనం వాడుకునే ర్యామ్ 24 కేబీ, ఆర్కైవ్ 480 కేబీ. అంటే 24 చెరిపేసి దానికి ఇరవై రెట్లున్నది వదిలేసి న్యాయం చేశాం అనుకుంటున్నాం. కష్టపడి రాసుకున్న పిల్లది పోయింది, దాచుకోవడం తెలిసినోడిది ఉంది. నా ఉద్దేశం ఈ పద్ధతి ఆపేయాలి. మీరేమంటారు?

లెక్కల పంతులు:
మీ బాధ అర్థమైందండీ, కానీ దాంట్లోంచి మీరు తీసిన తీర్పు మాత్రం నాకు ఎక్కలేదు. ఆర్కైవ్ మిగిలిందంటే సగమే చెరిపారని అర్థం, చెరపకూడదని కాదు. అదే రీసెట్ మెనూలో కుడి బాణం రెండుసార్లు నొక్కితే ఆల్ అని వస్తుంది, అది కొడితే ర్యామ్, ఆర్కైవ్ రెండూ ఖాళీ. నోట్సు పెట్టుకోకుండా కష్టపడి చదివొచ్చిన పిల్లలు కూడా మన పిల్లలే కదా, వాళ్ళ పక్క సీట్లో ఒకడు సూత్రాలన్నీ ప్రోగ్రాం ఎడిటర్‌లో టైప్ చేసుకుని స్క్రోల్ చేస్తుంటే వాళ్ళకేం సమాధానం చెప్తారు? బ్రిటన్‌లో పరీక్ష బోర్డుల ఉమ్మడి సంస్థ జేసీక్యూ రూల్స్ చూడండి, కాలిక్యులేటర్‌లో దాచిన సమాచారం ఉండకూడదు, దాన్ని తీసేసుకునే బాధ్యత అభ్యర్థిదే. నాకది న్యాయంగానే ఉంది.

సైన్‌తీటా:
పంతులు గారూ, ఆల్ కొట్టమని అంత తేలిగ్గా చెప్పకండి ప్లీజ్. ఆల్ కొడితే ప్రోగ్రాములతో పాటు యాప్‌లు కూడా పోతాయి, అవి తిరిగి ఎక్కించాలంటే కేబుల్ కావాలి, కంప్యూటర్ కావాలి, టీఐ కనెక్ట్ సాఫ్ట్‌వేర్ కావాలి, అందరి దగ్గరా ఇవన్నీ ఉండవు.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. రీసెట్ చేస్తే సెట్టింగులు కూడా మొదటికొస్తాయి, టీఐ-84లో మొదటి సెట్టింగ్ రేడియన్, అంటే కోణాన్ని డిగ్రీల్లో కాకుండా ఇంకో కొలతలో తీసుకుంటుంది. నేను ఏడాదంతా డిగ్రీస్‌లో పెట్టుకుని వాడాను. పరీక్ష హాల్లో రీసెట్ చేసి ఇచ్చారు, నేను మోడ్ చూసుకోలేదు, సైన్ 30 కొడితే అర రావాల్సింది మైనస్ 0.988 వచ్చింది. అదొక్కటే కొట్టుంటే వెంటనే తెలిసేది, కానీ పెద్ద లెక్క మధ్యలో సైన్ 47 ఇంటూ ఏదో అని వెళ్ళిపోతుంటే ఎలా పట్టుకుంటాం? రెండు ప్రశ్నలు పూర్తిగా తప్పు, మూడోదానికి త్రిభుజం భుజం నెగటివ్ వస్తే అప్పుడు వెలిగింది. స్టాట్స్ వాళ్ళకీ ఇదే గొడవ, డయాగ్నస్టిక్స్ అనే సెట్టింగ్ ఆఫ్ అయిపోతుంది కాబట్టి లీనియర్ రిగ్రెషన్ (డేటాకి సరళరేఖ అమర్చడం) చేస్తే, ఆ సంబంధం ఎంత గట్టిదో చెప్పే ఆర్ విలువ కనపడదు, అది ఆన్ చేయడం ఎప్పుడో ఏడాది మొదట్లో ఒకసారి నేర్పుంటారు, ఆ టెన్షన్‌లో ఎవరికి గుర్తుంటుంది. చెరిపేవాళ్ళు కనీసం "మోడ్ చూసుకోండి" అని ఒక్క మాట చెప్పి పేపర్ ఇవ్వాలి.

పాతచిప్పు:
రీసెట్‌ని అంతగా నమ్మేవాళ్ళకి ఒక మాట. ర్యామ్ క్లియర్డ్ అన్న మాటలు స్క్రీన్ మీద చూపించే ప్రోగ్రాం రాయడానికి రెండు లైన్లు చాలు. పిల్లలే నొక్కి స్క్రీన్ పైకెత్తి చూపించమంటే మీరు చూసేది ఆ రెండు లైన్లే కావచ్చు. నొక్కితే మీరే నొక్కాలి, లేదా మెమ్‌లో 2 కొట్టి పైన ర్యామ్ ఫ్రీ, ఏఆర్‌సీ (ఆర్కైవ్) ఫ్రీ ఎంతున్నాయో అంకెలు చూడాలి. ఇంకొంతమంది బ్యాటరీలు పీకి పెడతారు, టీఐ-84 ప్లస్‌లో నాలుగు ట్రిపుల్ ఏ సెల్స్‌తో పాటు ర్యామ్‌ని కాపాడ్డానికి ఇంకో బటన్ సెల్ ఉంటుంది, ఆ నాలుగూ తీసి పెట్టినంత మాత్రాన ఏమీ పోదు.

లెక్కల పంతులు:
దొంగ రీసెట్ ఉంది కాబట్టి అసలు రీసెట్ వద్దు అంటే ఎలాగండీ, తాళం తీసేవాళ్ళున్నారని తలుపు తీసిపెట్టుకుంటామా.

పాతచిప్పు:
అలా అనట్లేదు సర్. తాళం మార్చమంటున్నా, మంచి తాళం ఆల్రెడీ అందులోనే ఉంది. టీఐ-84 ప్లస్ ఆఫ్ చేసి ఎడమ బాణం, కుడి బాణం, ఆన్ మూడూ కలిపి పట్టుకుంటే ప్రెస్ టు టెస్ట్ అనే పరీక్ష మోడ్ వస్తుంది. డిగ్రీనా రేడియనా, డయాగ్నస్టిక్స్ ఆనా ఆఫా అని అదే స్క్రీన్ మీద అడుగుతుంది, అంటే సైన్‌తీటాకి జరిగింది ఇక్కడ జరగదు. ప్రోగ్రాములు, యాప్‌లు పనిచేయకుండా ఆగిపోతాయి, ఆర్కైవ్‌లో ఉన్నా సరే. పరీక్షయ్యాక ఇంకో కాలిక్యులేటర్‌కో కంప్యూటర్‌కో కలిపి ఏదో ఒక ఫైల్ పంపితే మళ్ళీ వస్తాయి. లిస్టుల్లో పెట్టుకున్న డేటా మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, అది ముందే కాపీ చేసుకోవాలి.

కాసియో ఎఫ్ఎక్స్-సీజీ50లో ఇంకా బాగుంటుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు కాస్, 7, ఆన్ కలిపి నొక్కితే ఎగ్జామ్ మోడ్, స్క్రీన్ చుట్టూ రంగు అంచు వస్తుంది, ఆర్ అని మెరుస్తుంటుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. కంప్యూటర్‌కి కలిపినా, 12 గంటలు గడిచినా మోడ్ అయిపోయి పాత డేటా పాతగానే తిరిగొస్తుంది. టీఐ వాళ్ళదే ఇంకో మోడల్ ఎన్‌స్పైర్‌లో అయితే పైన లైటే వెలిగి ఆరుతుంటుంది. హాల్లో నడుచుకుంటూ వెళ్తే ఎవరిది మెరవట్లేదో ఇట్టే కనపడుతుంది, ఒక్కోటీ తీసుకుని 7, 1, 2 కొట్టే పనే లేదు. పిల్లల సొంత పని చెరగకుండా పరీక్ష శుభ్రంగా జరిగే దారి ఉన్నప్పుడు, దాన్ని వదిలేసి చెరపడం నిజంగా అన్యాయం.

సున్నా_బై_సున్నా:
మీరంతా ఒకటి మర్చిపోతున్నారు. అమెరికాలో హైస్కూల్ పిల్లలు రాసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలకి మెమరీ చెరపక్కర్లేదని వాటిని పెట్టే కాలేజ్ బోర్డే చెప్తుంది. కాలిక్యులస్ పేపర్లో కాలిక్యులేటర్ వాడకూడని భాగం వేరే పెట్టారు, వాడే భాగంలో కూడా రాసే ప్రశ్నలకి పద్ధతి చూపించకుండా జవాబు ఒక్కటే రాస్తే పూర్తి మార్కులు రావు. నోట్సు చూసి గట్టెక్కే ప్రశ్న ఇస్తే తప్పు ఆ ప్రశ్నది, మెమరీది కాదు.

లెక్కల పంతులు:
ప్రశ్న బాగా ఇవ్వాలి, ఒప్పుకుంటా. కానీ పేపర్ ఎప్పుడూ మన చేతిలో ఉండదు, ఎవరో ఇచ్చిన పేపర్ మనం పెట్టిస్తుంటాం. ఎగ్జామ్ మోడ్ గురించి చెప్పింది కూడా బాగుంది, నేను కాదనను. మరి టీఐ-83 ప్లస్ తెచ్చుకున్నవాళ్ళ సంగతేంటి? దాంట్లో ప్రెస్ టు టెస్ట్ లేదు. అన్నదగ్గర్నుంచో అక్కదగ్గర్నుంచో వచ్చిన పాత కాలిక్యులేటర్ తెచ్చుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, వాళ్ళని కొత్తది కొనుక్కోమని నేను చెప్పలేను. వాళ్ళకి రీసెట్ తప్ప దారి లేదు. అక్కడ నేను చెరుపుతాను, ఆ విషయంలో నా మాట మారదు. కాకపోతే ముందు చెప్పకుండా చెరపడం తప్పే, గీత గారి విషయంలో జరిగిన అసలు తప్పు అదే అని నాకనిపిస్తోంది.

గ్రాఫ్‌గీత:
అవునండీ, ఆ అమ్మాయి నోరు తెరిచి చెప్పింది, నేను ఆగి ఒక్క నిమిషం వినలేదు, అది నా తప్పే. మీరు 83 ప్లస్ గురించి చెప్పింది కూడా ఒప్పుకుంటున్నా, నా మొదటి పోస్టులో పూర్తిగా ఆపేయాలి అన్నాను, దాన్ని మార్చుకుంటున్నా. ప్రెస్ టు టెస్ట్ ఉన్నవాటికి అదే, లేనివాటికి వారం ముందు చెప్పి, ప్రోగ్రాములు కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకునే టైమ్ ఇచ్చి, అప్పుడు రీసెట్. కేబుల్ లేని పిల్లలకి నా కేబుల్‌తో నేనే తీసి పెడతాను.

ఆ అమ్మాయి మళ్ళీ రాయడం మొదలుపెట్టిందండీ. నిన్న చూపించింది, న్యూటన్-రాఫ్సన్ ప్రోగ్రాంకి ఎక్స్ క్యూబ్ మైనస్ 2 ఎక్స్ ప్లస్ 2 ఇచ్చి 0 దగ్గర మొదలుపెడితే ఎంతసేపైనా ఆగట్లేదు, 0, 1, 0, 1 అని తిరుగుతూనే ఉంది. ప్రోగ్రాంలో తప్పేమో అని రెండు రోజులు వెతుక్కుందట.

పాతచిప్పు:
ప్రోగ్రాం తప్పు కాదు మేడమ్. ప్రతిసారీ ఉన్న విలువలోంచి ఫలితం బై వాలు తీసేస్తుంది కదా, 0 దగ్గర ఫలితం 2, వాలు మైనస్ 2, కాబట్టి 1కి వెళ్తుంది, 1 దగ్గర రెండూ 1, కాబట్టి మళ్ళీ 0కే వస్తుంది. న్యూటన్ పద్ధతికే ఉన్న గుణం అది. మైనస్ 2 దగ్గర మొదలుపెట్టమనండి, మైనస్ 1.769 దగ్గర ఆగుతుంది. లూప్‌కి ఒక లెక్క పెట్టి 50 సార్లు దాటితే ఆపేయమనండి. రాయడం అయిపోయాక మెమ్‌లో 5 కొట్టి ఆర్కైవ్ చేసుకోమనండి, పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) పడుతుంది, ర్యామ్ పోయినా అది పోదు. కంప్యూటర్‌లో కూడా ఒక కాపీ ఉంచమనండి.