గేట్‌లో 27 మార్కులే వచ్చాయి, పుస్తకం తెరవబుద్ధి కావట్లేదు

అనంతపురం మెకానికల్:
ఫైనలియర్. గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) మాక్ టెస్టుల్లో 48, 50 వచ్చేవి. అసలు పరీక్షలో 27.33, క్వాలిఫై కాలేదు. థర్మోడైనమిక్స్ పుస్తకం తీస్తే రెండో లెక్కకే "నాకు రాదులే" అనిపిస్తోంది. ఇంకో ఏడాది చూడమంటున్నారు ఇంట్లో. యాడ మొదలుపెట్టల్ల? రెస్పాన్స్ షీట్ (పరీక్షలో నేను పెట్టిన జవాబులు) దించుకున్నా గానీ ఇంతవరకు తెరవలేదు.

పెన్నాగట్టు:
ముందు ఆ షీట్ తెరువు తమ్ముడూ. దించుకోవడం మంచి పని, కొన్నాళ్లకు ఆ లింకు తీసేస్తారు. ఫైనల్ కీ (సరైన జవాబుల పట్టిక) పక్కన పెట్టుకుని 65 ప్రశ్నలకూ ఒక్కో గుర్తు వెయ్యి: తెలియక పోయింది, తెలిసీ లెక్క తప్పింది, ప్రశ్న సరిగా చదవలేదు, టైం చాలలేదు. టాపిక్ పేరు తర్వాత రాసుకోవచ్చు, మార్కు ఎందుకు పోయిందో ముందు తేలాలి.

నెగెటివ్ (తప్పు జవాబుకు కోసే మార్కులు) విడిగా లెక్కేసుకో. 2 మార్కుల ఎంసీక్యూ (ఒకే సరైన ఆప్షన్ ఉండే ప్రశ్న) తప్పితే ఆ 2 పోయి, పైగా 0.67 కోస్తారు, అంటే సరైన జవాబుతో పోల్చినప్పుడు తేడా 2.67. అలాంటివి ఆరు తప్పితే 16 మార్కులు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున వచ్చేది సున్నా. ఒక్కటైనా తప్పని కచ్చితంగా తీసేయగలిగితేనే లాభం. అయితే మనం మామూలుగా చేసే పొరపాటుకు వచ్చే జవాబు కూడా ఆప్షన్లలో ఉంటుంది, "ఇదే అనుకుంటా" అని పెట్టినవి అక్కడే మునుగుతాయి. ఎంఎస్‌క్యూకీ (ఒకటికి మించి సరైన ఆప్షన్లు ఉండగలిగేది), న్యాట్‌కీ (జవాబు అంకెల్లో టైప్ చేసేది) నెగెటివ్ లేదు, కాబట్టి వాటిని ఖాళీగా వదలొద్దు. ఎంఎస్‌క్యూలో కొన్ని ఆప్షన్లే సరిగా పెడితే సగం మార్కులు మాత్రం ఇవ్వరు.

గండికోట:
మాక్‌లో 50 వచ్చిందంటే, అందులో ఎన్ని అంతకుముందు చేసిన పాత పేపర్ల ప్రశ్నలో చూసుకోండి. చూసిన లెక్క మళ్లీ వస్తే చెయ్యి దానంతటదే నడుస్తుంది. రెండేళ్ల పాత పేపర్లు అసలు ముట్టకుండా దాచండి, కొలవడానికి అవే పనికొస్తాయి.

ఇంట్లో చేతి కాలిక్యులేటర్ వాడేవాళ్లు పరీక్షలో దెబ్బతింటారు. అక్కడ స్క్రీన్ మీది కాలిక్యులేటరే, మౌస్‌తో నొక్కాలి. డిగ్రీలో ఉందో రేడియన్‌లో ఉందో చూడకపోతే న్యాట్ జవాబు మొత్తం పోతుంది. ఇప్పట్నించే దాంతోనే చెయ్యండి.

తుంగభద్ర తీరం:
నమ్మకం తిరిగి రావాలంటే థర్మోతో మొదలుపెట్టొద్దు. ఆప్టిట్యూడ్ 15, ఇంజినీరింగ్ మ్యాథ్స్ 13, కలిపి 28 మార్కులు. మూడు వారాలు ఇవే, రోజుకు పది లెక్కలు చాలు. తప్పినదాన్ని జవాబు చూడకుండా మూడో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి మళ్లీ చెయ్యండి. పదో రోజు కూడా తప్పితే కాన్సెప్టే రాలేదని అర్థం, అప్పుడు పుస్తకానికి వెళ్లండి.

ఏపీ పీజీఈసెట్‌ను (రాష్ట్ర ఎంటెక్ ప్రవేశ పరీక్ష) చులకన చెయ్యకండి. 120 ప్రశ్నలు, 2 గంటలు, నెగెటివ్ లేదు. జేఎన్‌టీయూ అనంతపురంలో ఎంటెక్‌కు అది చాలు. కానీ గేట్ క్వాలిఫై అయి చేరిన అర్హులకు నెలకు 12,400 స్టైపెండ్ ఉంటుంది, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అందుకే ఇంకో ప్రయత్నం దండగ కాదంటాను.

రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోతే మాత్రం చదువు పక్కన పెట్టి 14416కు ఫోన్ చెయ్యండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అనంతపురం మెకానికల్:
తెరిచినా అన్నా. తప్పిన ఎంసీక్యూలు 2 మార్కులవి ఎనిమిది, 1 మార్కుది ఒకటి. పద్ధతి కరెక్టే గానీ యూనిట్ల దగ్గర, చివరి లెక్క దగ్గర పోయిన న్యాట్‌లు ఐదు, అన్నీ 2 మార్కులవే.

పెన్నాగట్టు:
నెగెటివ్‌లో పోయింది 5.67. న్యాట్‌లలో 10. నీ 27.33కు కలుపు, 43. కొత్త చాప్టర్ ఒక్కటీ చదవకుండా. ఆ ఐదు న్యాట్‌లూ ఈ రాత్రికి ప్రతి లైన్లో యూనిట్ రాస్తూ మళ్లీ చేసి, ఎక్కడ జారావో ఇక్కడ పెట్టు.