మేత భూమిలో 40 సెంటీమీటర్ల లోతున తెల్లని సున్నపు పొర: దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (గొయ్యి దగ్గర)

వాగు కొండను వీడి మైదానంలోకి దిగే చోట విసనకర్రలా పరుచుకున్న ఒండ్రు మేట మీద ఒక మేత భూమిని పరిశీలిస్తున్నాను. ఏడాదికి 300 మిల్లీమీటర్ల లోపే వర్షం పడే అర్ధ శుష్క ప్రాంతమది. మేట నడిమి భాగంలో మీటరు లోతు గొయ్యి తవ్వి చూస్తే, పైన గులకరాళ్ళు కలిసిన లేత గోధుమరంగు గరప మట్టి, దాని కింద కొద్దిగా ఎర్రబారిన మట్టి కనిపించాయి. 40 సెంటీమీటర్లు దాటాక మట్టి సుద్ద ముద్దలా తెల్లబడింది. సున్నం ఉంటే బుడగలు తెప్పించే పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే పైమట్టిలో సన్నని బుడగలు మాత్రమే వచ్చాయి, తెల్లని పొరలో మాత్రం నురగ పొంగింది. పీహెచ్ పైన 8.0, కింద 8.3 ఉంది.

నన్ను తికమక పెడుతున్న సంగతి ఏమిటంటే, ఎగువ కొండల్లో సున్నపురాయి లేదు, ఉన్నదంతా గ్రానైటే. అలాంటప్పుడు ఇంత సున్నం ఎక్కడి నుంచి వచ్చింది? పైగా ఇదే మేట మీద, కొంచెం పల్లంగా ఉన్న పక్క భాగంలో తవ్విన గోతిలో ఈ తెల్లపొర అసలు లేదు. అక్కడ గడ్డి దుబ్బులు ఒత్తుగా ఉంటే, ఇక్కడ పొదలు, వాటి మధ్య బోడి నేల కనిపిస్తున్నాయి. గంధకం గానీ జిప్సం గానీ వేయమని ఒకరు, లోతు దుక్కితో పొరను పగలగొట్టమని మరొకరు సలహా ఇచ్చారు. ఏది సబబు?

సమాధానం 1 (పాత మట్టి)

సున్నం కింది రాయి నుంచే రావాలన్న నియమం లేదండీ. శుష్క ప్రాంతాల్లో గాలి మోసుకొచ్చే దుమ్ములోనూ, వాననీటిలోనూ కాల్షియం ఉంటుంది. అది వేల ఏళ్ళుగా పైనుంచి చేరుతూ ఉంటే, గ్రానైటు రాళ్ళ మేటలో కూడా సున్నపు పొర తయారవుతుంది. వేళ్ళ శ్వాస వల్ల మట్టిలోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కన్నా ఎక్కువగా ఉంటుంది కనుక, వాననీరు అక్కడి సున్నాన్ని బైకార్బనేటుగా కరిగించుకుని కిందికి దిగుతుంది. వాన తక్కువ కావడంతో ఆ నీరు భూగర్భ జలం దాకా చేరకుండా మధ్యలోనే ఆగిపోతుంది, వేళ్ళు దాన్ని పీల్చుకుంటాయి, సున్నం అక్కడే గడ్డకడుతుంది. అంటే మీ తెల్లపొర పైఅంచును, మామూలు వానల తడి దిగి ఆగే లోతుకు గుర్తుగా తీసుకోవచ్చు. వాన ఎక్కువ పడే చోట అది మరింత కిందికి పోతుంది.

పక్క భాగంలో తెల్లపొర లేకపోవడానికి కారణం వయసు. ఒండ్రు మేట ఒక్కసారిగా ఏర్పడదు. వాగు దారి మార్చుకుంటూ కొన్ని భాగాలను వదిలేస్తుంది, తన పాత మేటను తానే కోసి పల్లంలో కొత్త మేట వేస్తుంది. మెరకగా మిగిలిపోయిన భాగం పాతది, అక్కడ సున్నం చేరడానికి కాలం చాలినంత దొరికింది. పల్లపు భాగం నిన్న మొన్నటిది, అంటే భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో.

ఈ వరుసను 1966లో గైల్, పీటర్సన్, గ్రాస్‌మన్ అనే ముగ్గురు నేల శాస్త్రజ్ఞులు అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారి నేలల ఆధారంగా నాలుగు దశలుగా వివరించారు. గులకరాళ్ళ మట్టిలో మొదటి దశలో రాళ్ళ అడుగున సున్నపు పూత మాత్రమే కనిపిస్తుంది. రెండో దశలో పూత రాయి చుట్టూ పట్టి, రాళ్ళ సందుల్లోకి పాకుతుంది. మూడో దశలో సందులన్నీ పూడి పొర అంతా తెల్లబడుతుంది. నాలుగో దశలో నీరు దిగలేని ఆ పొర నెత్తిన పలకలు పలకలుగా సున్నం పేరుకుంటుంది. మీ వర్ణనను బట్టి మీది మూడో దశకు దగ్గరగా ఉంది.

గోతిలోంచి ఒక గులకరాయిని, పైభాగం ఏదో గుర్తు పెట్టుకుని, తీసి చూడండి. కిందికి దిగిన నీటి చుక్క రాయి అడుగున వేలాడి ఆరిపోతుంది కాబట్టి పూత అడుగునే మందంగా ఉండాలి. అది పైవైపు కనిపిస్తే, ఆ రాయి వేరే చోట పూత పట్టాక దొర్లి వచ్చిందని అర్థం. అలాంటి రాళ్ళను నమ్ముకుని నేల వయసు అంచనా కట్టకూడదు.

సమాధానం 2 (మేత లెక్కలు)

నేను సలహాల సంగతి మాత్రమే చెబుతాను. జిప్సం పని చేసేది సోడియం ఎక్కువైన చౌడు నేలలో. సోడియం లేని సున్నపు నేలలో పీహెచ్ సాధారణంగా 8.4 దాటదు, మీ అంకెలు కూడా ఆ హద్దులోనే ఉన్నాయి. జిప్సం అంటే కాల్షియమే, కాల్షియం నిండుగా ఉన్న నేలకు మళ్ళీ కాల్షియం పోయడం డబ్బు దండగ.

గంధకం విషయంలో ఒకసారి లెక్క వేసుకోండి. హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 2,000 టన్నులు తూగుతుంది. అందులో సున్నం 1 శాతమే ఉన్నా 20 టన్నులు అవుతుంది, దాన్ని పోగొట్టడానికి 6.4 టన్నుల గంధకం కావాలి. 5 శాతం ఉంటే 32 టన్నులు. మేత భూమికి ఈ ఖర్చు ఎవరూ పెట్టరు, పెట్టినా దుమ్ముతో సున్నం వచ్చి చేరుతూనే ఉంటుంది.

లోతు దుక్కి అన్నిటికన్నా ప్రమాదకరం. కింది సున్నం పైకి వస్తుంది, ఏళ్ళ తరబడి వేళ్ళూనిన గడ్డి దుబ్బులు పోతాయి, వాలు నేల కాబట్టి మొదటి గట్టి వానకే పైమట్టి కొట్టుకుపోతుంది. ఈ నేలలో మందు నేలకు కాక పశువుకు పెట్టడం మేలు. కాల్షియం భాస్వరాన్ని కరగని రూపంలో బంధిస్తుంది కనుక, ఎండిన గడ్డిలో భాస్వరం తగ్గే కాలంలో పశువైద్యుల సలహా మేరకు భాస్వరం ఉన్న ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వాలి. పొదల మధ్య బోడి నేల పెరగకుండా మేత ఒత్తిడి తగ్గించాలి.

సమాధానం 3 (ప్రయోగశాల బల్ల)

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను, కానీ తెల్లపొరను గడ్డికి శత్రువుగా మాత్రమే చూడవద్దు. అది రాయిలా బిగుసుకోకపోతే సన్నని రంధ్రాల్లో నీటిని పట్టి ఉంచి, వాన వెలిశాక చాలా రోజులు నెమ్మదిగా వదులుతుంది. బిగుసుకుందో లేదో తేల్చుకోవడానికి ఆరిన పెళ్ళ ఒకటి గంట సేపు నీళ్ళలో వేసి చూడండి. విడిపోతే వేళ్ళు దూరగల పొర, విడిపోకపోతే సిమెంటులా గట్టిపడిన పొర. అమెరికా వర్గీకరణలో ఈ రెంటికీ వేర్వేరు పేర్లున్నాయి. మొదటిదాన్ని గుర్తించడానికి సాధారణంగా 15 సెంటీమీటర్ల మందం, 15 శాతం సున్నం, కింది పొర కన్నా కనీసం 5 శాతం ఎక్కువ సున్నం ఉండాలని చూస్తారు.

పరీక్షలకు మట్టి పంపేముందు కొన్ని జాగ్రత్తలు అవసరం. మెత్తని సున్నపు పొడి వేళ్ళ మధ్య ఒండ్రులా (ఇసుక కన్నా సన్నని మట్టి రేణువుల్లా) తగులుతుంది కనుక, చేతితో నలిపి మట్టి రకం చెప్పేటప్పుడు పొరపడతాం. నేనే ఒకసారి ఇసుక గరపను ఒండ్రు గరప అని రాసి, సున్నం తొలగించి చేసిన విశ్లేషణ వచ్చాక కొట్టివేసుకున్నాను. భాస్వరానికి బ్రే పద్ధతి వద్దు, దానిలోని ఆమ్లాన్ని సున్నం మింగేస్తుంది. సోడియం బైకార్బనేటు వాడే ఓల్సెన్ పద్ధతి అడగండి. మట్టిని కొలిమిలో కాల్చి కర్బనం కొలిస్తే సున్నంలోని కర్బనం కూడా కలిసి వస్తుంది, ఆ భాగాన్ని విడిగా కొలిచి తీసివేయకపోతే నిస్సారమైన నేల కూడా కాగితం మీద సారవంతంగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు (గొయ్యి దగ్గర)

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు గోతిలోంచి పన్నెండు గులకరాళ్ళు గుర్తు పెట్టి తీశాను. పదకొండింటికి పూత అడుగునే మందంగా ఉంది, ఒక్కదానికి మాత్రం పక్కవైపు ఉంది. తెల్లని పెళ్ళ నీళ్ళలో అరగంటకే కరిగి ముద్దయింది. పీచువేళ్ళు పొర నెత్తి మీద అడ్డంగా పాకి ఉన్నా, కొన్ని పగుళ్ళ వెంట 70 సెంటీమీటర్ల దాకా దిగాయి. దుక్కి ఆలోచన మానుకున్నాను, మట్టిని ఓల్సెన్ పరీక్షకు పంపుతున్నాను.