విశ్వవిద్యాలయానికి చిన్న దాతలను నిలబెట్టుకోవడం ఎలా?

విశ్వవిద్యాలయాల నిధుల సేకరణలో అనుభవమున్నవారి సలహా కావాలి. వచ్చే మొత్తం తగ్గలేదు, ఇచ్చేవాళ్లే తగ్గుతున్నారు. నలుగురైదుగురు పెద్ద దాతలు వెనక్కి తగ్గితే ఏడాది లెక్కంతా తలకిందులే.

పూర్వ విద్యార్థులకు ఫోన్ చేసి అడిగే పద్ధతి ఇప్పుడు పనిచేయడం లేదు. తెలియని నంబరైతే ఎవరూ ఎత్తరు. గివింగ్ డే (ఒకే రోజు అందరినీ విరాళం అడిగే కార్యక్రమం) పెడితే కొత్తవాళ్లు వస్తారు గానీ, మరుసటి ఏడు మళ్లీ ఇచ్చేది కొందరే. అందుకే నెలనెలా కొద్దిమొత్తం ఇచ్చే పథకం మేలనిపిస్తోంది. అక్కడ చిక్కేమిటంటే, కార్డు గడువు తీరగానే చెల్లింపు ఆగిపోతుంది, చాలాసార్లు దాతకు ఆ సంగతే తెలియదు. గడువుకు నెల ముందు ఒక మెసేజ్, చెల్లింపు విఫలమైతే 3వ రోజు, 10వ రోజు మళ్లీ ప్రయత్నం, అప్పటికీ కాకపోతే మనిషే ఫోన్ చేయడం. ఈ వరుస సరిపోతుందా? ఆ ఫోన్ ఎవరు చేస్తే మంచిది, ఆఫీసు సిబ్బందా, స్కాలర్‌షిప్ అందుకున్న విద్యార్థా?

పెద్ద దాతలను చూసుకునే అధికారి చేతిలో సాధారణంగా 100 నుంచి 150 పేర్లుంటాయి. మధ్యస్థాయి దాతలు ఎవరి జాబితాలోనూ ఉండరు. రేపటి పెద్ద విరాళాలు చాలావరకు వీళ్లలోంచే రావాలి, అయినా పట్టించుకునే దిక్కు లేదు. వీళ్లకోసం విడిగా ఒకరిని నియమించినవారు ఎన్ని పేర్లు అప్పగించారు? తొలి ఏడాది ఆ పనిని దేంతో కొలిచారు, వచ్చిన మొత్తంతోనా, రెండోసారి ఇచ్చినవారి శాతంతోనా?

షరతుల్లేని నిధికి డబ్బు అడిగేటప్పుడు దాతల మనసుకు పట్టిన ఉత్తరం నమూనా ఉంటే అదీ చెప్పండి. స్కాలర్‌షిప్‌కే అని ఇచ్చిన డబ్బుతో కరెంటు బిల్లు కట్టలేం కదా.