లినక్స్ మింట్‌కు మారాక నాస్‌లోని ఫొటోల ఫోల్డరు నిమిషాల తరబడి తెరుచుకుంటోంది

ప్రశ్న:
నమస్కారం. మాది పెళ్లి ఫొటోల స్టూడియో. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగియడంతో, ఎడిటింగ్ చేసే పాత కంప్యూటరులో దాని బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. ఫొటోలన్నీ పక్క గదిలోని నాస్‌లో, అంటే నెట్‌వర్కు ద్వారా వాడుకునే నిల్వ పెట్టెలో, ఉంటాయి. కేబులు, స్విచ్చి, నాస్ ఏవీ మారలేదు. అయినా విండోస్‌లో ఇట్టే తెరుచుకున్న ఒక పెళ్లి ఫోల్డరులో, సుమారు 4,200 జేపెగ్‌లు ఉంటాయి, ఇప్పుడు చివరిదాకా స్క్రోల్ చేయాలంటే ఐదారు నిమిషాలు ఖాళీ చట్రాలనే చూడాల్సి వస్తోంది. నెట్‌వర్కులో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ ప్రోటోకాల్‌ను దాని పాత వెర్షను ఎస్ఎంబీ1కు మార్చమని ఒకరు సలహా ఇచ్చారు. మార్చవచ్చా?

జవాబు 1:
దయచేసి ఎస్ఎంబీ1 జోలికి వెళ్లకండి. 2017లో వనాక్రై అనే వైరసు పాకింది ఆ పాత ప్రోటోకాల్‌లోని లోపం గుండానే, పైగా దానితో వేగమూ పెరగదు. తప్పు లైనులో ఉందా, ఫైళ్లు చదివే తీరులో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. నాస్ నుంచి ఒక పెద్ద వీడియోను కాపీ చేసి ఎంతసేపు పట్టిందో చెప్పండి. గిగాబిట్ లైనులో సెకనుకు 110 మెగాబైట్ల దాకా రావాలి. 11 దగ్గరే ఆగితే లైను 100 మెగాబిట్లకు పడిపోయిందన్నమాట, అప్పుడు ముందు కేబులు మార్చి చూడాలి.

ప్రశ్న అడిగినవారు:
6 జీబీ వీడియో నిమిషంలో వచ్చేసింది. మరొక విషయం చెప్పడం మరిచాను. మొదట్లో మింట్ ఫైల్ మేనేజరు నెమోలో బొమ్మలే కనిపించకపోతే, ప్రిఫరెన్సుల్లో థంబ్‌నెయిళ్లు (ఫొటోల చిన్న బొమ్మలు) ఎప్పుడూ చూపించేలా మార్చి, సైజు పరిమితి కూడా పెంచాను.

జవాబు 2:
అయితే లైనులో లోపం లేదు, కారణం మీ రెండో మాటలోనే ఉంది. నెమో మామూలుగా సొంత డిస్కులోని ఫైళ్లకే థంబ్‌నెయిళ్లు తయారుచేస్తుంది. మీరు సెట్టింగు మార్చాక ఒక్కో ఫొటోను నాస్ నుంచి తెప్పించుకుని చిన్న బొమ్మ చేసుకుంటోంది. ఫొటో 8 మెగాబైట్లనుకున్నా 4,200 కలిపి 33 జీబీ దాటుతుంది, లైను పూర్తి వేగంతో తెచ్చినా ఐదు నిమిషాలు పడుతుంది.

నెమోలో నాస్ అడ్రసు కొట్టి తెరుస్తున్నట్లయితే ఫైళ్లు జీవీఎఫ్ఎస్ అనే మధ్యవర్తి గుండా వస్తాయి. దాని బదులు ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కును ఎక్కడ జోడించాలో రాసుకునే సెట్టింగుల ఫైలు) ఒక వరుస రాసి, నాస్ ఫోల్డరును సీఐఎఫ్ఎస్‌గా (ఎస్ఎంబీకి లినక్స్‌లో వాడే పేరు) మౌంట్ చేస్తే, అంటే జోడిస్తే, లినక్స్ మూలభాగమైన కెర్నల్ నేరుగా నాస్‌తో మాట్లాడుతుంది కాబట్టి ఎడిటింగ్ సాఫ్ట్‌వేరుకు తేడా తెలుస్తుంది. ఆ వరుసలో మీ యూజర్ ఐడీ ఇవ్వకపోతే ఫైళ్లు రూట్ (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) పేరిట ఉండి సేవ్ కావు. ఫైళ్ల వివరాలను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే యాక్టిమియో అనే ఐచ్ఛికం అదే వరుసలో ఇవ్వవచ్చు, అది మామూలుగా 1 సెకను ఉంటుంది. 30 చేస్తే ఫైళ్ల వివరాల కోసం నాస్‌ను మాటిమాటికీ అడగడం తగ్గుతుంది. కాకపోతే పక్క కంప్యూటరులో అప్పుడే మార్చిన ఫొటో మీకు అర నిమిషం దాకా పాతదిగానే కనిపించవచ్చు, కనుక ఒకే ఆల్బమ్ మీద ఇద్దరు కూర్చునేచోట దాన్ని పెంచకండి.

ప్రశ్న అడిగినవారు:
మౌంట్ చేశాను. మొదటిసారి మళ్లీ ఐదు నిమిషాలు పట్టేసరికి పని జరగలేదేమో అనుకున్నాను. నెమో థంబ్‌నెయిళ్లను ఫైలు దారి (ఫైలు ఉన్న చోటు) పేరు మీద దాచుకుంటుందట, మౌంట్ చేశాక దారి మారింది గనుక అన్నీ కొత్తగా చేసుకుంది. రెండోసారి వెంటనే తెరుచుకుంది. మా దగ్గర ఆల్బమ్ డిజైనరు కూడా అదే ఫోల్డరులో పనిచేస్తారు కాబట్టి యాక్టిమియోను ముట్టుకోలేదు.