పదిహేనేళ్ల తర్వాత ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వచ్చాను, ఇంట్లో ఇమడలేకపోతున్నాను

ప్రశ్న: జగిత్యాల జిల్లా నుంచి

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. 2010 జనవరిలో సౌదీ వెళ్లి, దమ్మాంలో ఒక నిర్మాణ కంపెనీలో మొదట హెల్పర్‌గా, తర్వాత స్టీల్ ఫిక్సర్‌గా (ఇనుప కడ్డీలు కట్టే పని), చివరి ఐదేళ్లు ఫోర్‌మన్‌గా పనిచేసి, 2025 జనవరిలో ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే అక్కడి ఉద్యోగం, వీసా పూర్తిగా ముగించుకుని, ఇంటికి వచ్చేశాను. నడుమ రెండేళ్లకొకసారి రెండు నెలల సెలవు మీద వచ్చిపోయేవాణ్ణి. ఏడుసార్లు వచ్చాను. అంటే ఈ పదిహేనేళ్లలో నా భార్యాపిల్లలతో గడిపింది మొత్తం కలిపి పద్నాలుగు నెలలు. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, అబ్బాయి ఏడో తరగతి. మా అవ్వ (అమ్మ) మాతోనే ఉంటుంది. రెండున్నర ఎకరాల పొలం ఉంది, స్లాబు ఇల్లు కట్టుకున్నాం, అప్పులు తీరాయి. కోరుకున్నవన్నీ అందిన మనిషిని నేను, అయినా వచ్చి ఎనిమిది నెలలైనా మనసు కుదుటపడడం లేదు.

క్యాంపు నుంచి నాలుగున్నరకు బస్సు కదిలేది కాబట్టి మూడున్నరకే మెలకువ వచ్చే అలవాటు ఇంకా పోలేదు. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉండగా వాకిట్లో కూర్చుని తెల్లవారేదాకా ఎదురుచూస్తాను. పగలు చేయడానికి పొలం పని ఉంది, కాని పదిహేనేళ్లుగా ఆ పొలాన్ని నా భార్య, మా అవ్వ కూలీలను పెట్టుకుని చేసుకున్నారు. ఏ మడికి నీళ్లు ఎప్పుడు పెట్టాలో, పసుపుకు మందు ఎప్పుడు వేయాలో వారికి తెలిసినంత నాకు తెలియదు. నేను ఏదైనా చెబితే కాదనరు, కాని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

మొన్న మా అమ్మాయి కాలేజీ నుంచి ఒక కాగితం తెచ్చింది. తల్లి గాని తండ్రి గాని సంతకం చేయాలి. నేను అరుగు మీదే కూర్చుని ఉన్నాను. పిల్ల నా ముందు నుంచే నడిచి, లోపల పిండి కలుపుతున్న వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, సంతకం పెట్టి ఇచ్చింది. నన్ను తక్కువ చేయాలని ఇద్దరికీ లేదు. నన్ను అడగవచ్చన్న సంగతే వారికి తట్టలేదు. అప్పటి నుంచి ఆ కాగితమే కళ్ల ముందు మెదులుతోంది.

బయటికి వెళితే అందరిదీ ఒకటే మాట: "మళ్ల ఎప్పుడు వోతున్నవ్?" పని మాని వచ్చేటప్పుడు కంపెనీ ఇచ్చిన సర్వీసు డబ్బుల సంగతి కూడా ఊరంతా తెలుసు. సౌదీ లెక్క ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం చొప్పున పన్నెండున్నర నెలలు లెక్కకట్టి, 2,400 రియాళ్ల జీతం మీద 30,000 రియాళ్లు ఇచ్చారు. మన డబ్బులో 7 లక్షలకు కాస్త తక్కువ. బావమరిది వరికోత మిషన్‌లో భాగం పెట్టమంటున్నాడు. ఇంకొకరు చిట్టీ అంటున్నారు. తెలిసిన ఏజెంటు ఒకాయన ఖతర్ వీసా ఉందని రెండుసార్లు ఇంటికి వచ్చాడు. నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే నాకు కాస్త ఊరట కలిగింది, అందుకు సిగ్గుపడ్డాను కూడా. మీలో తిరిగివచ్చిన వారికి కుదురుకోవడానికి ఎంతకాలం పట్టింది? నేను మళ్లీ వెళ్లాలా, ఉండిపోవాలా?

జవాబు 1: బాల్కొండ వైపు నుంచి

తమ్ముడూ, నేను పన్నెండేళ్లు దుబాయిలో షట్టరింగ్ కార్పెంటర్‌గా (కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే పని) చేసి 2016లో వచ్చాను. నాకు కుదురుకోవడానికి రెండేళ్లు పైనే పట్టింది, అందులో మొదటి ఏడాది నా తొందరపాటు వల్లే పాడైంది. ఇంట్లో ఖాళీగా కనిపించకూడదన్న ఆరాటంతో, వచ్చిన మూడో నెలలోనే సర్వీసు డబ్బులన్నీ పెట్టి సిమెంటు, ఇనుము దుకాణం తెరిచాను. చుట్టాలకు, తెలిసినవారికి ఉద్దర ఇచ్చాను. ఇచ్చినది అడగడం నాకు చేతకాలేదు, ఎందుకంటే అన్నేళ్లూ నేను ఊరికి డబ్బు పంచే మనిషిగానే తెలుసు. పద్నాలుగో నెలలో దుకాణం మూసేశాను. కాబట్టి ఏడాది నిండేదాకా ఆ 7 లక్షలలో ఒక్క రూపాయి కూడా ఎవరి మిషన్‌లోనూ, ఎవరి చిట్టీలోనూ పెట్టవద్దు. బావమరిదికి ముఖం మీద కాదనలేకపోతే, బ్యాంకులో డిపాజిట్ చేశానని చెప్పండి, చెప్పినట్టే చేయండి.

బ్యాంకు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. తిరిగి వెళ్లే ఉద్దేశం లేకుండా వచ్చేసినవారు ఎన్ఆర్ఈ ఖాతాను (బయటి దేశంలో ఉన్నప్పుడు ఇక్కడి బ్యాంకులో తెరిచే ఖాతా) అలాగే ఉంచుకోకూడదు. బ్యాంకుకు తెలియజేసి మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. ఆ ఖాతా వడ్డీకి ఉన్న పన్ను మినహాయింపు బయటి దేశంలో నివాసం ఉన్నవారికి ఉద్దేశించినది.

దానికంటే ముఖ్యమైనది మీ పట్టా పాసుపుస్తకం. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు, ఆ తర్వాత 2020లో భూరికార్డుల ఆన్‌లైన్ పోర్టల్ ధరణి వచ్చినప్పుడు మనలాంటివారు చాలామంది ఊళ్లో లేరు. మా ఊళ్లోనే ఆధార్ కలపనందువల్ల పాసుపుస్తకం రానివారు ఉన్నారు, సర్వే నంబరు తప్పుపడినవారూ ఉన్నారు. నా పేరులో తండ్రి పేరు తప్పుగా పడితే సరిచేయించుకోవడానికి ఏడు నెలలు తిరిగాను. ఇప్పుడు 2025 నుంచి, ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టం కింద, తప్పులు సరిచేయమని తహసీల్దారు దగ్గర దరఖాస్తు చేసుకోవచ్చు. పాసుపుస్తకం సరిగా ఉంటేనే రైతుబీమాకు అర్హత ఉంటుంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. మీ వయసుకు అది అవసరం.

ఇక పని గురించి. మీరు ఫోర్‌మన్‌గా చేశారు, డ్రాయింగ్ చూసి కడ్డీల లెక్క తీయగలరు. మన దగ్గర ఇళ్లు కట్టే మేస్త్రీలలో ఆ పని వచ్చినవారు తక్కువ. నేను దుకాణం మూసి ఒక మేస్త్రీ కింద చేరినప్పుడు, స్లాబు కడ్డీల కింద కవర్ బ్లాకులకు (కడ్డీని చెక్కకు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న సిమెంటు దిమ్మెలు) బదులు కంకర రాళ్లు పెడుతుంటే చూసి ఊరుకోలేకపోయాను. కాంక్రీటు పోసేటప్పుడు తొక్కిడికి ఆ రాళ్లు పక్కకు జారిపోతాయి, కడ్డీ వెళ్లి చెక్కకు ఆనుకుంటుంది, కొన్నేళ్లకు తేమ తగిలి తుప్పుపట్టి కప్పు పెచ్చులు ఊడుతుంది. స్లాబుకు 20 మిల్లీమీటర్లు, పిల్లరుకు 40 మిల్లీమీటర్లు కవర్, అంటే కడ్డీ మీద కాంక్రీటు మందం, ఉండాలని చెబితే మేస్త్రీ కోపగించుకున్నాడు, కాని ఇంటి యజమాని విన్నాడు. మరుసటి ఇంటి పని ఆయన బంధువు నేరుగా నాకే ఇచ్చాడు. కూలి దుబాయితో పోలిస్తే తక్కువే, మొదట్లో మనసు ఒప్పుకోదు. కాని రాత్రికి ఇంటికి వచ్చి పిల్లలతో కలిసి తింటాను.

జవాబు 2: మెట్‌పల్లి దగ్గరి నుంచి

అన్నా, మా ఆయన మస్కట్ నుంచి వచ్చి నాలుగేళ్లయింది. మీరు రాసినది చదువుతుంటే మీ ఇంట్లో వదిన ఏమనుకుంటున్నదో నాకు వినిపించినట్టే ఉంది, అందుకే రాస్తున్నాను.

మా ఆయన వచ్చిన మొదటి నెలలోనే, "నేను పంపిన డబ్బులన్నీ ఎటు పోయాయి" అని అడిగాడు. గొంతు పెంచలేదు, మామూలుగానే అడిగాడు. నేను మాట్లాడకుండా అల్మారాలోంచి మూడు నోటుపుస్తకాలు తీసి ముందు పెట్టాను. ఆయన పంపిన ప్రతి పైసా ఏ తేదీన వచ్చింది, వడ్డీకి ఎంత పోయింది, ఫీజులకు ఎంత, మామ ఆపరేషన్‌కు ఎంత, ఆడబిడ్డ ఒడిబియ్యానికి ఎంత, పసుపు ఉడకబెట్టడానికి ఎంత, అన్నీ రాసి పెట్టాను. కొన్ని పేజీల మీద నీళ్లు పడి సిరా చెరిగిపోయింది. ఆయన ఆ రాత్రంతా కూర్చుని చదివాడు. పొద్దున లేచి ఆ పుస్తకాలను తన చేతులతోనే మళ్లీ అల్మారాలో పెట్టి, ఈ నెల లెక్క కూడా నువ్వే రాయి అన్నాడు. మా ఇంట్లో ఆ రోజు నుంచే మాటలు మొదలయ్యాయి.

మీరు అక్కడ ఎండలో కష్టపడ్డారు, ఎవరూ కాదనరు. ఇక్కడ ఒంటరిగా ఉన్న ఆడమనిషి కష్టం వేరేగా ఉంటుంది. రాత్రి పిల్లకు జ్వరం వస్తే ఆటో కోసం ఎవరి తలుపు తట్టాలి, ఎవరి ఆటో ఎక్కితే ఊళ్లో ఏమనుకుంటారు అని రెండుసార్లు ఆలోచించాలి. గట్టు దగ్గర పక్కవాడు జానెడు జరిగితే మగదిక్కు లేదనే జరుగుతాడు. అవన్నీ దాటుకుంటూ వచ్చిన మనిషికి, ఆయన వచ్చీ రాగానే ఇలా ఎందుకు చేశావు, అలా చేయాల్సింది అంటే, నా పదేళ్లనూ తప్పుపట్టినట్టు అనిపించింది. నేను కూడా ఒక తప్పు చేశాను: ఆయనను చుట్టంలా చూశాను. మంచినీళ్లు కూడా చేతికి అందించాను, ఏ పనీ చెప్పలేదు. ఆయన అలసిపోయి వచ్చాడు కదా అని నా మనసులో ఉండేది. పని చెప్పకపోవడం వల్లే తాను ఎవరికీ అక్కరలేనివాడిని అనుకున్నాడని చాలా రోజులకు తెలిసింది.

సంతకం గురించి మీ అమ్మాయిని నిలదీయవద్దు అన్నా. చిన్నప్పటి నుంచి సంతకం అంటే అమ్మ దగ్గరికి వెళ్లడమే ఆ పిల్లకు తెలుసు. వదినతోనే ఒక మాట చెప్పండి. వచ్చేసారి "బాపును అడుగు" అని ఆమె అంటే చాలు. ఆ మాట వదిన నోటి నుంచి రావాలి. పొలం విషయంలో ఈ ఒక్క పంటకు వదిన చెప్పినట్టు చేయండి. పసుపు జూన్‌లో పెడితే తవ్వేది సంక్రాంతి దాటిన తర్వాతే కదా, తొమ్మిది నెలల పంట. అప్పటికి మీకే తెలుస్తుంది ఏం మార్చాలో.

జవాబు 3: కోనసీమ నుంచి

అన్నయ్యగారూ, మా వైపు మగవాళ్లతో పాటు ఆడవాళ్లం కూడా ఎక్కువగా వెళతాం. నేను కువైట్‌లో పదకొండేళ్లు ఇంటిపని చేసి వచ్చాను. వెళ్లేటప్పుడు మా అబ్బాయికి నాలుగేళ్లు, మా అమ్మ పెంచింది. వాడు ఆమెనే అమ్మా అంటాడు, నన్ను పేరు పెట్టి పిలవలేక, అమ్మా అనలేక, ఏ పిలుపూ లేకుండా ఇదిగో అని మొదలుపెట్టేవాడు. అక్కడ వేరేవాళ్ల పిల్లలకు తలదువ్వి, అన్నం కలిపి తినిపించి, స్కూలు సంచి సర్ది పెద్దచేసిన చేతులివి. వాడి ముందు మాత్రం ఈ చేతులతో ఏం చేయాలో తెలిసేది కాదు.

ప్రేమ చూపించాలని మొదట్లో ఫోను కొన్నాను, బట్టలు కొన్నాను. తీసుకున్నాడు, దగ్గరకు రాలేదు. వర్షాకాలంలో వాడికి సైకిలు చైను తెగితే, ఇద్దరం కలిసి దాన్ని తోసుకుంటూ కాలువగట్టు మీద మూడు కిలోమీటర్లు నడిచాం. ఆ దారిలో వాడు నన్ను కువైట్‌లో ఆ ఇంటివాళ్లు కొట్టేవారా అని అడిగాడు. అన్నేళ్లూ వాడు అదే భయంతో ఉన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. మీ పిల్లలకు మీరు అక్కడ ఎలా ఉన్నారో చెప్పారా? ఒక గదిలో ఎంతమంది పడుకునేవారు, ఏం వండుకునేవారు, ఎండలో ఎలా ఉండేది, అవన్నీ చెప్పండి. ఫోనులో మనం బాగున్నాను అన్న మాట తప్ప ఇంకేమీ చెప్పి ఉండం.

జవాబు 4: సిరిసిల్ల నుంచి

మళ్లీ వెళ్లడం తప్పేమీ కాదని నా అభిప్రాయం. అమ్మాయి పెళ్లి ఉంది, అబ్బాయి చదువు ఉంది, ఇక్కడ కూలి చాలకపోతే ఏ మనిషైనా వెళతాడు. కాని ఇంట్లో ఊపిరాడక వెళితే, రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే అరుగు మీదికి రావాలి, అప్పటికి అమ్మాయి ఇంట్లో ఉండదు. ఒకవేళ వెళ్లాలనుకుంటే ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోండి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామన్నా, ఆజాద్ వీసా (ఫలానా కంపెనీ పని అని లేకుండా అమ్మే వీసా) అన్నా గుమ్మం దాటనివ్వవద్దు. వెళ్లినా వెళ్లకపోయినా ఒకసారి షుగరు, బీపీ, కిడ్నీ పరీక్షలు చేయించుకోండి. ఎండలో నీళ్లు చాలక పదిహేనేళ్లు పనిచేసిన శరీరం, నిద్ర పట్టకపోవడానికి అలవాటు ఒక్కటే కారణం కాకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు, నెల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. మెట్‌పల్లి చెల్లె రాసినది మా ఆవిడకు చదివి వినిపించాను. నడుమలో లేచి వంటింట్లోకి వెళ్లింది, కాసేపటికి వచ్చి మిగిలినది కూడా చదవమంది. మా ఇంట్లో నోటుపుస్తకాలు లేవు, పాత క్యాలెండర్లు ఉన్నాయి. నేను పంపిన డబ్బు వచ్చిన ప్రతి తేదీ చుట్టూ సున్నా చుట్టి, పక్కన అంకె వేసి, ఏటికేడు చుట్టచుట్టి అటక మీద పెట్టింది. 2014 నాటిది ఎలుకలు కొట్టాయి, మిగిలినవన్నీ ఉన్నాయి.

పరీక్షల్లో షుగరు ఉన్నట్టు తేలింది, మందులు మొదలుపెట్టాను. పాసుపుస్తకం తీసి చూస్తే పది గుంటలు తక్కువగా ఎక్కింది. సోమవారం ఇద్దరం కలిసి తహసీల్దారు ఆఫీసుకు వెళుతున్నాం, పక్క పొలం హద్దుల సంగతి ఆమెకే బాగా తెలుసు కాబట్టి మాట్లాడేది ఆమే. మూడున్నరకు ఇంకా మెలకువ వస్తూనే ఉంది. అయితే నాలుగు రోజులుగా మా అబ్బాయి కూడా నాలుగున్నరకు లేచి చదువుకుంటానంటూ వాకిట్లో నా పక్కన కూర్చుంటున్నాడు. దమ్మాంలో సముద్రం ఏ రంగులో ఉంటుందని నిన్న అడిగాడు. ఖతర్ వీసాకు ఇప్పటికి వద్దని చెప్పాను, అమ్మాయి ఇంటర్ అయ్యేదాకా.

బాల్కొండ అన్నా, మా ఊళ్లో ఒకాయన ఇల్లు మొదలుపెడుతున్నాడు, కడ్డీల పని నన్ను చూడమన్నాడు. 40 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు జగిత్యాలలో రెండు దుకాణాల్లో అడిగితే లేవన్నారు. మీరు కొంటున్నారా, లేక సిమెంటు ఇసుక కలిపి మీరే పోసుకుంటున్నారా? పోసుకుంటే ఎన్ని రోజులు నీళ్లలో ఉంచుతున్నారో రాయగలరు.